అన్నంభట్టు : భూతములును మూలకములును

తర్కశాస్త్రమును చదువబూనిన విద్యార్థి చేతికి మొట్టమొదట వచ్చు గ్రంథము తర్కసంగ్రహము. కాశి మొదలు కేరళము వరకు సంస్కృత పాఠశాలలన్నింటను ఇదియే ఆచారము. దాని కర్తయైన అన్నంభట్టు తెలుగువాడు. కాశికి పోయి వచ్చినంత మాత్రమున ప్రతి బ్రాహ్మణుడును అన్నంభట్టు కాజాలడని పండితులలో ఒక లోకోక్తి కలదు. ఒకని పేరు పాండిత్యమునకు కొలతగా నిలిచిపోవుట సామాన్యమైన విషయము కాదు.

బొగ్గుగనుల నేలయైన రామగుండము, గోదావరిఖని ప్రాంతమున తర్కసంగ్రహమును పాఠము చెప్పుట ఇతరత్ర చెప్పుట వంటిది కాదు. ఇచ్చటి విద్యార్థి ఇంట తండ్రియో అన్నయో సింగరేణి గనిలో దిగువాడై యుండును. విద్యార్థియు ఉన్నత పాఠశాలలో రసాయనశాస్త్రము చదివి వచ్చినవాడే. పృథివి, జలము, తేజస్సు, వాయువు, ఆకాశము ద్రవ్యములని చెప్పగానే, నీరు రెండు వాయువుల కలయిక కదా యని అడుగును. ఈ ప్రశ్నను గద్దించి త్రోసివేసినచో గ్రంథము మీద గౌరవము పోవును. రసాయనశాస్త్రమంతయు మన గ్రంథములందే యున్నదని బొంకినచో సత్యము మీద గౌరవము పోవును. ఈ రెండింటిలో దేనికిని పోకుండ, అన్నంభట్టు జీవితమును, ఆయన ద్రవ్యవిచారమును కలిపి ఇచ్చట పరిశీలించుచున్నాను.

అన్నంభట్టు తండ్రి తిరుమలాచార్యుడు. ఆయనకు అద్వైతవిద్యాచార్యుడని బిరుదము. రాఘవ సోమయాజి వంశము వారిది. అనగా యజ్ఞము, వేదాంతము రెండును గల ఇల్లు. స్వస్థలము గరికపాడని సంప్రదాయము. కాలము క్రీ.శ. 17వ శతాబ్ది యని సాధారణముగ గ్రహింపబడుచున్నది. తెలుగుదేశమున ప్రాథమికవిద్య ముగించి కాశికి పోయి శాస్త్రములను అభ్యసించెను. ఆ కాలమున దాక్షిణాత్య పండితులకు కాశి రెండవ పుట్టినిల్లు. మహారాష్ట్ర, కర్ణాట, ఆంధ్ర కుటుంబములు అచ్చట స్థిరపడి వ్యాకరణ మీమాంసలకు ప్రాణము పోసినవి.

ఆయన రచనలను చూచినవారు తర్కసంగ్రహకర్త ఈయనయేనా యని ఆశ్చర్యపడుదురు. పాణిని సూత్రములకు మితాక్షర యను వృత్తి, కైయటుని మహాభాష్యప్రదీపమునకు ఉద్ద్యోతనము, బ్రహ్మసూత్రములకు మరియొక మితాక్షర, మీమాంసయందు సోమేశ్వరుని న్యాయసుధకు రాణకోజ్జీవిని, నవ్యన్యాయమున జయదేవుని ఆలోకమునకు సిద్ధాంజనము - ఇన్ని ప్రౌఢగ్రంథములు వ్రాసినవాడు. అవియన్నియు పండితుల పేటికలలో నుండిపోయినవి. బాలురకు సులభముగ తెలియుటకై వ్రాసిన చిన్న పుస్తకమొక్కటి మాత్రము ఆయన పేరును దేశదేశములకు మోసికొనిపోయినది. పెద్ద గ్రంథములు వ్రాయుటకంటె చిన్న గ్రంథము వ్రాయుట కష్టమని మా గురువులు చెప్పెడివారు. తర్కసంగ్రహమును వల్లించిన వారికి ఆ మాట వేరుగ వివరింపనక్కరలేదు. అందు ఒక్క పదమును తీసివేసినచో లక్షణము చెడును.

ఆ చిన్న గ్రంథమునకు తానే దీపిక యను వ్యాఖ్యను కూర్చెను. మూలమున సిద్ధాంతము, దీపికలో ఆక్షేపము, సమాధానము. కణాదుని వైశేషికమును, గౌతముని న్యాయమును కలిపి బాలవ్యుత్పత్తికై రచించితినని గ్రంథాంతమున ఆయనయే చెప్పుకొన్నాడు. పదార్థములు ఏడు, ద్రవ్యములు తొమ్మిది, గుణములు ఇరువదినాలుగు. ద్రవ్యములలో మొదటి యైదును భూతములు. కాలము, దిక్కు, ఆత్మ, మనస్సు తక్కిన నాలుగు.

ఇచ్చట ఆయన పుట్టిన యింటి సంగతి మరల తలపునకు రావలెను. వేదాంతులు ఆకాశమునుండి వాయువు, వాయువునుండి అగ్ని, అగ్నినుండి జలము, జలమునుండి పృథివి పుట్టినవందురు. పంచీకరణ ప్రక్రియచే ప్రతి స్థూలభూతమునందును తనది సగము, తక్కిన నాలుగింటిది ఎనిమిదవ వంతు చొప్పున ఉండునందురు. అద్వైతవిద్యాచార్యుని కుమారుడు, బ్రహ్మసూత్ర వ్యాఖ్యాత యైన అన్నంభట్టు దీనిని ఎరుగనివాడు కాడు. అయినను తర్కసంగ్రహమున పంచీకరణము ఊసే లేదు. మనుష్యశరీరము పార్థివమనియే చెప్పెను. ఒక శాస్త్రమును బోధించునప్పుడు ఆ శాస్త్రపు మెట్టుమీదనే నిలిచి మాటలాడుట, తన యింటి సిద్ధాంతమును అందులోనికి దొంగతనముగ చొప్పింపకుండుట ఆయన నియమము. నేటి తులనాత్మక వ్యాసకర్తలకు ఈ నియమమే కొఱవడుచున్నది.

భూతలక్షణములను చూతము. గంధము కలది పృథివి. శీతస్పర్శ కలది జలము. ఉష్ణస్పర్శ కలది తేజస్సు. రూపము లేక స్పర్శ కలది వాయువు. శబ్దము గుణముగా కలది ఆకాశము. వీటిలో మొదటి నాలుగును పరమాణురూపమున నిత్యములు, కార్యరూపమున అనిత్యములు. ఆ నాలుగింటికిని శరీరము, ఇంద్రియము, విషయము అని మూడు విభాగములు చెప్పబడినవి. ముక్కునకు పృథివి, నాలుకకు జలము, కంటికి తేజస్సు, చర్మమునకు వాయువు, చెవికి ఆకాశము. అనగా ఇంద్రియములు ఐదు కనుక, వానికి గోచరించు విశేషగుణముల ఆశ్రయములు ఐదు. ప్రపంచము మనకు ఎట్లు తెలియవచ్చుచున్నది అను ప్రశ్నకు ఇది సమాధానము. దీనిని దేనిగానో విడగొట్టి చూపు ప్రయత్నము ఇందు లేదు.

గ్రీసుదేశమున ఈ ఆలోచన వేరొక దారిని నడచినది. సిసిలీ ద్వీపమందలి అక్రగాస్ నగరవాసి ఎంపెడోక్లిస్ క్రీ.పూ. 5వ శతాబ్దిలో భూమి, నీరు, గాలి, నిప్పు అను నాలుగు మూలములను చెప్పెను. వానిని కలుపునది ప్రేమ, విడదీయునది వైరము. ఎముకలో భూమి రెండు పాళ్ళు, నీరు రెండు పాళ్ళు, నిప్పు నాలుగు పాళ్ళు అని లెక్క గూడ కట్టెను. లెక్క కల్పితమే యైనను, భిన్నభూతములు ఒక నియతమైన పాళ్ళలో కలిసి కొత్త పదార్థమగునను భావము రసాయనశాస్త్రమునకు మిక్కిలి సమీపము. మన నైయాయికులు దీనిని ఒప్పరు. పార్థివ పరమాణువులు పార్థివ ద్రవ్యమునే ఆరంభించును. జలపరమాణువులు వానితో చేరి ఒక్క ద్రవ్యమును పుట్టింపవు, ఆసరాగా మాత్రము నిలుచును. ఈ విషయమున గ్రీకుల పక్షమే ముందున్నదని ఒప్పుకొనుటలో మనకు లోటు లేదు.

అరిస్టాటిల్ ఈ నాలుగింటిని వేడి, చలువ, తడి, పొడి యను స్పర్శద్వంద్వములతో నిర్వచించెను. నిప్పు వేడి పొడి, గాలి వేడి తడి, నీరు చలువ తడి, భూమి చలువ పొడి. అన్నంభట్టు పక్షమున గాలి వేడియు కాదు, చల్లనిదియు కాదు. నీటితో కలిసినప్పుడు చల్లగను, అగ్నితో కలిసినప్పుడు వేడిగను తోచును. ఇంతకంటె పెద్ద భేదము వేరొకటి కలదు. అరిస్టాటిల్ మతమున చలువ పోయి వేడి వచ్చినచో నీరు గాలియగును. ఒక భూతము మరియొకటిగా మారును. పరమాణువులను ఆయన అంగీకరింపలేదు. పరమాణువాదులైన ల్యూసిప్పస్, డెమోక్రిటస్ వేరొక సంప్రదాయమువారు. వారి పరమాణువులకు ఆకారభేదమే కాని రుచి, వాసన, రంగు లేవు. వైశేషికమున భూతవాదము, పరమాణువాదము ఒక్క గూటికి చేరినవి. జలపరమాణువు ఎన్నటికిని పార్థివపరమాణువు కాదు. జాతిభేదము గల పరమాణువులు తమ జాతిని విడువవను ఈ మాట, 1808లో తన గ్రంథమును ప్రకటించిన డాల్టన్ మాటకు చేరువలో నున్నది. పోలిక ఇంతవరకే.

భూతములు ఘన, ద్రవ, వాయు పదార్థములే యనియు, తేజస్సనగా శక్తి, ఆకాశమనగా అవకాశమనియు చెప్పి, మన పూర్వులు భౌతికశాస్త్రమును ముందే కనుగొనిరని వేదికలమీద చెప్పువారు పలువురున్నారు. వారు తర్కసంగ్రహమును తెఱచి చూడవలెను. కరగిన నెయ్యి ద్రవమే యైనను అది పార్థివము. కరగిన బంగారము ద్రవమే యైనను అది తైజసము. వడగండ్లు గట్టిగ నున్నను జలమే యని నైయాయికుల సిద్ధాంతము. అవకాశమునకు చేరువైనది దిక్కు. అది ఆకాశముకంటె వేరు ద్రవ్యము. ఆ వ్యాఖ్యానము గ్రంథమును పొగడుచున్నట్లు కనబడి గ్రంథమునే కాదనుచున్నది.

ఇక సువర్ణవిచారము. దీపికలో మిక్కిలి రసవంతమైన ఘట్టమిది. తేజస్సు నాలుగు విధములు : కట్టె మొదలగు భూమి సంబంధమైన ఇంధనము కలది భౌమము, మెఱుపు వంటిది దివ్యము, తిన్న అన్నమును జీర్ణించునది ఉదర్యము, గనిలో పుట్టిన బంగారము మొదలగునది ఆకరజము. బంగారము పసుపుపచ్చగను బరువుగను ఉన్నది కదా, పసుపుకొమ్మువలె పార్థివమేల కారాదని పూర్వపక్షము. అన్నంభట్టు సమాధానమిది. నెయ్యి వంటి పార్థివద్రవము మిక్కుటమైన అగ్నితో కూడినచో దాని ద్రవత్వము నశించును. నీటి నడుమ నున్న నేతికి ఆ నాశము కలుగదు. అచ్చట నీరు ప్రతిబంధకము. కనుక ప్రతిబంధకము లేనిచోట అగ్నిసంయోగము పార్థివద్రవత్వమును నశింపజేయునని కార్యకారణభావము స్థిరపడినది. బంగారము ఎంత కాచినను దాని ద్రవత్వము చెడుట లేదు. కనుక అది పార్థివము కాదు. దాని ద్రవత్వము స్వాభావికము కాక అగ్నినిమిత్తమున కలిగినది గనుక జలము కాదు. రూపము కలది గనుక వాయువు మొదలగునవి కాదు. మిగిలినది తేజస్సు. పసుపు రంగు, బరువు అందు కలిసిన పార్థివభాగమునకు చెందినవి.

ప్లేటో తన టైమయస్ అను గ్రంథమున బంగారమును కరగు స్వభావము గల జలములలో చేర్చెను. ఆయన దృష్టి కరుగుట యందు మాత్రమే నిలిచినది. అన్నంభట్టు కరుగుటలో స్వాభావికము, నైమిత్తికము అను భేదమును పట్టుకొని ఆ మార్గమును మూసివేసెను. అంతే కాదు, నేతిని వట్టిగ కాచుట, నీటిలో నుంచి కాచుట అను రెంటిని ప్రక్కప్రక్కన నిలిపి చూపెను. ఒక్క కారణమును తొలగించి ఫలమును పరీక్షించు పద్ధతి ఇది. రసాయనశాలలో చేయుపనియు ఇదే.

అయినను నిర్ణయము నిలువలేదు. నెయ్యి మాడుట యనగా అందలి కర్బనము, ఉదజని గాలిలోని ఆమ్లజనితో కూడుట. నీటిలోనున్న నెయ్యి మాడకుండుట నీరు నూరు డిగ్రీలకు మించి వేడెక్కకుండుటచేత. బంగారము ఆమ్లజనితో సులభముగ కూడదు. కనుక కంసాలి కుంపటిలో 1,064 డిగ్రీల వద్ద కరగి, చెడక నిలుచును. 2,800 డిగ్రీలకు పైబడిన వేడిలో అదియు మరిగి ఆవిరియగును. అట్టి వేడి ఆ కాలపు కొలిమికి లేదు. బరువు విషయము మఱింత చిక్కు. న్యాయమతమున గురుత్వము పృథివీజలములకే కలదు, తేజస్సునకు లేదు. బంగారము నీటికంటె పందొమ్మిది రెట్లకు పైగా బరువు. బరువులేని తేజస్సుతో కలిసిన పార్థివభాగము, వట్టి మట్టికంటె ఇంత బరువెట్లయ్యెనని అడిగినచో దీపికలో సమాధానము దొరకదు. నేడు బంగారము స్వయముగ ఒక మూలకము, పరమాణుసంఖ్య 79.

దీనిని చూచి నవ్వువారు ఒక్క సంగతి తెలిసికొనవలెను. బాయిల్ 1661లో గ్రీకుల నాలుగు భూతములను ఆక్షేపించి గ్రంథము వ్రాసెను. అన్నంభట్టు శతాబ్దియు అదే. నవీన రసాయనశాస్త్రమునకు తండ్రియని పేరొందిన లవోయిజర్ 1789లో ముప్పదిమూడు మూలకముల పట్టికను ప్రకటించెను. ఇంకను విడగొట్టుటకు వీలుగానిది మూలకమని ఆయన లక్షణము. ఆ పట్టికలో మొదటి రెండు పేర్లు వెలుగు, వేడి. బరువులేని వేడి యను ద్రవ్యమును ఆయనయు అంగీకరించెను! తేజస్సును ద్రవ్యముగా గణించిన అన్నంభట్టు ఒంటరివాడు కాడు. భేదమెచ్చటనన, లవోయిజర్ పట్టిక త్రాసు ముందు నిలిచి సవరింపబడుచు వచ్చినది. నేటికి మూలకముల సంఖ్య 118. తర్కసంగ్రహపు పట్టికను సవరించు పనిని తరువాతివారు చేపట్టలేదు. వ్యాఖ్యలు మాత్రము పెరిగినవి. మెండలీవ్ 1871లో ఇంకను దొరకని మూలకములకు ఏక యను సంస్కృత సంఖ్యాపదమును చేర్చి పేర్లు పెట్టెనని మనవారు గర్వింతురు. అది పేరు మాత్రమే.

పరమాణుసాధన ఈ ప్రాంతపు విద్యార్థికి వేగముగ బోధపడును. కిటికీ సందులోనుండి వచ్చిన ఎండలో తేలియాడు నలుసును దీపికాకారుడు చూపెను. అది కంటికి కనబడుచున్నది గనుక కుండవలె అవయవములు కలది. ఆ అవయవములకును అవయవములు కలవు. ఇట్లు పోగా ఎచ్చటనో ఆగవలెను, లేనిచో అనవస్థ. ఆగినచోటు పరమాణువు. రెండు పరమాణువులు ద్వ్యణుకము. మూడు ద్వ్యణుకములు త్ర్యణుకము. అదియే ఆ నలుసు. డెమోక్రిటస్ మతమును వివరించుచు అరిస్టాటిల్ గూడ కిటికీ ఎండలోని నలుసులను ప్రస్తావించెను. బొగ్గుధూళి పడు ఊరిలో ఈ దృష్టాంతమునకు కొఱత లేదు. కాని ఆరు పరమాణువుల నలుసు అని వల్లించు బాలునకు, నేటి లెక్కలో ఆ నలుసునందు లక్షల కోట్లకు మించిన పరమాణువులున్నవని గూడ చెప్పవలెను. యుక్తి మెచ్చదగినది, సంఖ్య విడువదగినది.

అన్నంభట్టు తరువాత తర్కసంగ్రహమునకు గోవర్ధనుని న్యాయబోధిని, చంద్రజసింహుని పదకృత్యము, దీపికకు నీలకంఠుని ప్రకాశము వెలసినవి. 1846లో కాశీ సంస్కృత కళాశాలకు అధ్యక్షుడై వచ్చిన బాలంటైన్ ఈ గ్రంథమును ఆంగ్లమున అనువదించెను. ఐరోపా శాస్త్రములను కాశీపండితులకు న్యాయపరిభాష ద్వారా చెప్పవలెనని ఆయన సంకల్పము. 1850 దశకమున అందులకై గ్రంథమును గూడ కూర్చెను. 1907లో జర్మను భాషలోనికి దీనిని తెచ్చిన హుల్ట్‌ష్, దక్షిణదేశ శాసనములను పరిష్కరించిన పండితుడే. తర్కమునకును పరమాణువాదమునకును సంగ్రహమని ఆయన దానిని పేర్కొనెను. 1932లో కుప్పుస్వామిశాస్త్రిగారు దీనిని ఆధారముగా చేసికొని భారతీయ తర్కమునకు ప్రవేశగ్రంథమును వ్రాసిరి. ఆధునిక శాస్త్రముతో తర్కసంగ్రహమును ఎదురెదురుగ నిలుపుట మనతో మొదలైన పని కాదు.

గనిలో పుట్టిన తేజస్సు ఆకరజమైనచో, గనిలో దొరకు బొగ్గు గూడ తేజస్సేనా యని ఇచ్చటి విద్యార్థి తప్పక అడుగును. 1871లో విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతమున బొగ్గును గుర్తించిన నాటినుండి ఈ గోదావరీలోయ దానిచేతనే బ్రదుకుచున్నది. 1983లో మొదటి యూనిట్ ఆరంభమైన రామగుండము మహావిద్యుత్కేంద్రమునకు అదియే ఆహారము. కావున ప్రశ్న సహజము. దీపిక చూపిన దారినే పరీక్షింతము. బొగ్గు కాలునప్పుడు వాసన పుట్టును, అగ్నిచేత దాని రూపము చెడును, బూడిద మిగులును. కనుక అది పార్థివము, భౌమతేజస్సునకు ఇంధనము. గనిలో పుట్టుట లక్షణము కాదు, అది స్థానమాత్రము. కాలిన బొగ్గు ఏమైనదన్నచో, అవయవి నశించినను పరమాణువులు నశింపలేదని న్యాయము చెప్పును. రసాయనశాస్త్రమును ఇదే చెప్పి, ఇంకొక మెట్టు దిగును : పన్నెండు పాళ్ళ కర్బనము ముప్పదిరెండు పాళ్ళ ఆమ్లజనితో కూడి నలువదినాలుగు పాళ్ళ బొగ్గుపులుసు వాయువగును. భిన్నజాతి పరమాణువుల ఈ కూడికకే న్యాయమున చోటు లేదని పైన చెప్పితిని.

వజ్రము సంగతి గూడ ఇచ్చటనే వచ్చును. వ్యాప్తిజ్ఞానము ఎట్లు కలుగునని విచారించుచు దీపికాకారుడు ఒక ప్రాచీనోదాహరణమును గ్రహించెను. పార్థివమైనదెల్ల ఇనుముతో గీయబడునని నూఱుమారులు చూచినను, వజ్రమునందు అది తప్పుచున్నది. కనుక పలుమారులు చూచినంత మాత్రమున వ్యాప్తి సిద్ధింపదు. వ్యభిచారము తెలియకుండుటయు దానికి తోడు కావలెను. ఉదాహరణము శాస్త్రసంప్రదాయమునదే యైనను, 17వ శతాబ్దిలో కృష్ణాతీరమున కొల్లూరు వజ్రపుగనులు లోకప్రసిద్ధములు. తెలుగువాడైన గ్రంథకర్తకు అది పుస్తకములోని రాయి మాత్రమే యని తలపజాలము. 1797లో టెన్నెంట్ అను ఆంగ్లేయుడు వజ్రమును సురేకారముతో బంగారు గొట్టములో కాల్చి, బొగ్గు కాలినప్పుడు ఎంత బొగ్గుపులుసు వాయువు వచ్చునో అంతే వచ్చినదని చూపెను. గొట్టము చెడలేదు, వజ్రము మిగులలేదు. అన్నంభట్టు బంగారమును గూర్చి గమనించినదియు, వజ్రమును పార్థివములలో నుంచినదియు ఆ ప్రయోగమున తప్పు కాలేదు. బొగ్గును వజ్రమును ఒకే మూలకమని మాత్రము ఆయన ఎరుగడు, ఎరుగుటకు సాధనమును లేదు.

తర్కసంగ్రహమును ఈ ప్రాంతమున చెప్పువారు ద్రవ్యప్రకరణమునకు పోకముందే దీపికలోని ఆ వజ్రవాక్యమును చెప్పుట మేలని నా అనుభవము. అది అనుమానఖండములోనిది, పాఠక్రమమునకు భంగమే. అయినను నూఱుమారులు చూచినది గూడ ఒకచోట తప్పవచ్చునని గ్రంథకర్తయే చెప్పియున్నాడని ముందుగ తెలిసిన విద్యార్థి, సువర్ణము తైజసమను పంక్తికి వచ్చినప్పుడు గ్రంథమును మూసివేయడు. యుక్తిని చివరి వరకు విని, అటుపిమ్మట రసాయనశాస్త్రపు పుస్తకమును తెఱచును.